కుందేలుకు బాలింత పథ్యం

ఇది జరిగి రెండు నెలలు దాటింది. నా కోపం మాత్రం ఇంకా పూర్తిగా దిగలేదు. ఎవరి మీద అని అడిగితే ఒక మనిషిని చూపించలేను. పగలు ఈ సంగతి ఎత్తితే ఇంట్లో అందరూ నవ్వుతారు. "నీ కుందేలు ముచ్చట ఇంక ఒడువలేదా?" అంటారు. అందుకే పిల్లలిద్దరూ పడుకున్నాక కూర్చుని రాస్తున్నాను. కాగితం నవ్వదు.

మా ఇల్లు కాశిబుగ్గలో. ముందు గది నిండా మామగారి మగ్గం. ఆయన జంపఖానాలు నేస్తారు. అత్తమ్మ పక్కనే రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతుంది. నా భర్త పరకాల దగ్గర ఒక బడిలో పంతులు. పొద్దున్నే బస్సెక్కితే మళ్ళీ దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరతారు. నేను హనుమకొండలో పుట్టి పెరిగి, జంతుశాస్త్రంతో బీయస్సీ చదివాను. చదివి ఏం చేశావంటే, ఇద్దరు పిల్లల్ని కన్నాను. అమ్మాయికి ఐదేళ్ళు. బాబుకు ఎనిమిది నెలలు.

కుందేళ్ళను తెచ్చింది నా భర్తే. బడిపిల్లల్లో ఒకరి తండ్రి ఇచ్చాడని చేతిసంచిలో రెండు పిల్లల్ని వేసుకుని బస్సులో తెచ్చారు. ఒకటి పూర్తిగా తెలుపు, ఆడది. ఇంకోదానికి కంటి చుట్టూ బూడిదరంగు మచ్చ, అది మగది. అమ్మాయి వాటిని తెల్లపిల్ల, మచ్చోడు అని పిలవడం మొదలుపెట్టింది, ఆ పిలుపులే నిలబడ్డాయి. మామగారు పాత మగ్గం చెక్కలూ ఇనుప జాలీ కలిపి వెనుక వరండాలో గూడు కట్టిచ్చారు.

అవి రెండూ ఒక్క నిమిషం విడిగా ఉండేవి కావు. ఒకటి నీళ్ళకు లేస్తే రెండోదీ లేచేది. తెల్లపిల్ల వెళ్ళి మచ్చోడి ముందు తల వంచి కూర్చునేది. వాడు దాని నొసలు, కళ్ళ చుట్టూ, చెవుల మొదళ్ళు ఓపిగ్గా నాకేవాడు. మధ్యలో ఆపితే ముక్కుతో ఒక్క పోటు పొడిచి మళ్ళీ తల వంచేది.

"మొగోడంటే గట్లుండాలె," అనేది అత్తమ్మ, మగ్గం వైపు చూస్తూ. "నువ్వెన్నడన్న నా నెత్తి దువ్వినవా?"

"నీ నెత్తి దువ్వుకుంట కూసుంటే నా పోగులెవడు అతుకుతడు?" అనేవారు మామగారు.

ఇక పిల్లలు. నెలా నెలన్నరకొక ఈత. మొదటి ఈతలో ఐదు పుడితే గల్లీలోవాళ్ళు మురిసిపోయి తీసుకెళ్ళారు. రెండో ఈతలో ఏడు. నాలుగో ఈత వచ్చేసరికి నేను బుట్ట పట్టుకుని కనబడితే చాలు, తలుపులు దగ్గరికి వేసుకునేవారు. ఐదో ఈతలో అన్నీ చచ్చి పుట్టాయి. తెల్లపిల్ల తన పొట్ట మీద బొచ్చు తానే పీకి మెత్తగా పరుచుకుని ఉంది. ఆ బొచ్చు మధ్య కదలని పిల్లల్ని ఒక్కొక్కటే వాసన చూసింది. మర్నాడే మచ్చోడు మళ్ళీ దాని మీద పడ్డాడు.

ఆ సాయంత్రం నా భర్త అన్నం ముందు కూర్చుని, "మా బడిల సారొకాయన అడుగుతాండు, రెంటినీ ఇచ్చేద్దాం," అన్నారు.

"పెంచుకుంటరా?"

"పెంచుడేంది? ఐతారం నాడు వండుకుంటరట."

అమ్మాయి పక్కనే ఉందని ఆయనకు గుర్తులేదు. అది చేతిలో ముద్ద పళ్ళెంలో వదిలేసి వెళ్ళి గూడు ముందు కూర్చుంది. ఎంత పిలిచినా రాలేదు. అప్పుడు నేనే మాటిచ్చాను. అవి ఎక్కడికీ పోవు, దవాఖానలో ఆపరేషన్ చేయించి పిల్లలు పుట్టకుండా చేస్తాను, రెండూ మన ఇంట్లోనే ఉంటాయి, దేనికీ ఏమీ కాదు. ఏమీ కాదని చెప్పడానికి నాకున్న ఆధారం నా డిగ్రీ ఒక్కటే.

"ఏమన్నయితే మమ్ములననొద్దు," అన్నారు ఆయన. "నీ పోరు, నీ ఫికర్."

హనుమకొండ పశువుల దవాఖానకు కొత్తగా వచ్చిన డాక్టరు కుర్రవాడు. కోస్తా మాట. బర్రెల మధ్య, ఎడ్ల మధ్య నేనూ నా భర్తా బుట్ట పట్టుకుని నిలబడితే అందరూ వింతగా చూశారు. ఆయన మాత్రం మూత తీసి చూడగానే సంబరపడిపోయాడు. కాలేజీలో కుందేళ్ళకు చేశానని, ఉద్యోగంలో చేరాక ఇవే మొదటివని చెప్పాడు.

"మగదానికి చేయించండి," అన్నాడు. "పది నిమిషాల పని. పొట్ట కోయక్కర్లేదు. సాయంత్రానికి గంతులేస్తుంది. ఆడదానికైతే పొట్ట తెరవాలి, మత్తు ఎక్కువసేపు ఇవ్వాలి. కుందేలంటే గుండెదడకే ప్రాణం పోయే జీవమండీ."

నేను నోరు తెరిచేలోగా నా భర్త, "మొగదానికెందుకు సార్?" అన్నారు. "మొగదానికి చేస్తే దమ్ము పోతది. ఇగ బరువు పనులు చెయ్యలేదు."

డాక్టరు ఆయన వైపు తిరిగి, "కుందేలు ఏం బరువు మోస్తుందండీ?" అన్నాడు.

పక్కన బర్రె పలుపు పట్టుకున్న రైతు పగలబడి నవ్వాడు. నా భర్త ముఖం కందిపోయింది. "గది కాదు సార్. పిల్లల్ని కనేది ఆడదే గద. దానికే చెయ్యిన్రి."

ఈ మాట నాకు కొత్తది కాదు. బాబు పుట్టిన వారం లోపల నాకు పిల్లల ఆపరేషన్ అయింది. అంతకుముందు ఇంట్లో ఈ సంగతి ఒక్కసారే వచ్చింది, ఒక్క వాక్యంతో ముగిసింది. అదీ దమ్ము వాక్యమే. ఆ రోజు దవాఖానలో నేను "మగదానికే చేయండి డాక్టరుగారూ" అనాల్సింది. అనలేదు. కందిపోయిన ఆయన ముఖం ఇంకా కందకూడదనుకున్నాను. అంతే కారణం. ఇంతకంటే మంచి కారణం కోసం తర్వాత చాలాసార్లు వెతికాను, దొరకలేదు.

రెండు గంటల తర్వాత తెల్లపిల్లను పాత గుడ్డలో చుట్టి నా చేతికిచ్చాడు డాక్టరు. పొట్ట మీద బొచ్చు గీసేసి ఉంది. నాలుగు కుట్లు. అది బతికే ఉందని దాని ముక్కు కదలికను బట్టి తెలుస్తోంది.

"ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి," అన్నాడు. "దీని పేగు ఆగకూడదు. లోపలికి ఆకో గడ్డో పోతుండాలి, బయటికి పెంటికలు పడుతుండాలి. ఒక పూట పడకపోతే నా దగ్గరికి రండి. ఒక పగలూ ఒక రాత్రీ దాటిందంటే వచ్చినా నేను చేయగలిగింది పెద్దగా ఉండదు. కోతకు చావవండీ ఇవి, తినకపోవడానికి చస్తాయి."

"తినకపోతే?"

"ఆకు నూరి ఇంకు ఫిల్లరుతో పక్క పళ్ళ సందులోంచి కొంచెం కొంచెం పోయండి. ఇంకోటి, జంటను విడదీయకండి. గూడు మధ్యలో జాలీ పెట్టండి. వాడు మీద పడకూడదు, కానీ దాని వాసన వాడికి, వాడి వాసన దానికి తగులుతుండాలి. ఇవి ముక్కుతోనే గుర్తుపడతాయి. వాసన మారిందంటే ఎవరో కొత్తది వచ్చిందనుకుని కొరుకుతాయి."

రిక్షాలో కూర్చుని అన్నీ కాగితం మీద రాసుకున్నాను. ఇంటికి వచ్చి అందరి ముందూ చదివాను. అత్తమ్మ కండె చుడుతూనే, "సరె, సరె," అంది.

ఆ సాయంత్రం మామగారు గూడు మధ్యలో జాలీ బిగించారు. మచ్చోడు జాలీకి ముక్కు ఆనించి పడుకున్నాడు. మర్నాటి పొద్దుటికి తెల్లపిల్ల నాలుగు గరిక పోచలు నమిలింది, గుడ్డ మీద ఏడెనిమిది పెంటికలు కూడా పడ్డాయి. నా మనసు కుదుటపడింది. బాబుకు ఆ రోజు సూది వేయించాలి. వాణ్ణి ఎత్తుకుని, గూట్లో గరిక, కొత్తిమీర పెట్టి, జర చూడమని అత్తమ్మకు చెప్పి వెళ్ళాను. అక్కడ వరుస పెద్దది. తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది.

గడప దగ్గరే వాము పొగ గుప్పున కొట్టింది. వెనక్కి పరుగెత్తాను. గూట్లో మచ్చోడు ఒక్కడే ఉన్నాడు. జాలీ అవతల ఖాళీ.

తెల్లపిల్ల లోపలి అర్రలో ఉంది. కిటికీ తలుపులు మూసేసి ఉన్నాయి. మూలన కుంపటి, అందులో వామూ వెల్లుల్లి పొట్టూ మాడుతున్నాయి. గంపలో మెత్తటి పాత చీర పరిచి, దాని మీద తెల్లపిల్లను కూర్చోబెట్టింది అత్తమ్మ. దానిని ఇక తెల్లపిల్ల అనడానికి లేదు. పసుపూ నువ్వుల నూనె కలిపి మెడ నుంచి తోక దాకా పట్టించింది. నడుము చుట్టూ గుడ్డ బిగించి కట్టింది. రెండు చెవుల్లో దూది కుక్కి, రెండింటినీ కలిపి గుడ్డతో చుట్టి పైన ముడి వేసింది. ఎదురుగా చిన్న పళ్ళెంలో ఎల్లిగడ్డ కారం కలిపిన మెత్తటి బువ్వ ముద్ద.

"అత్తమ్మా! ఇదేంది? ఏం చేసిండ్రు?"

"మెల్లగ మాట్లాడు. ఇప్పుడే కన్నంటుకుంది."

"ఈ చెవులకేంది?"

"గాలి జొరబడది? మనకు గింతంత చెవికే దూది పెట్టుకుంటిమి. దీనికి జానెడు చెవులాయె. ఎంత గాలి పోతది లోపటికి!"

"గూట్ల గడ్డి పెట్టిపోయిన గద. కొత్తిమీర పెట్టిన గద."

"తీసి పారేసిన. పచ్చి కోత కడుపుకు సలువ పెడ్తరా ఎవలన్న? చీము పడ్తది."

"డాక్టరు పచ్చగడ్డే పెట్టుమన్నడు. నిన్న కాగితం చదివిన, మీరు సరె అన్నరు."

"డాక్టరు మొగోడు. గాయినకేమెరుక బాలింత సంగతి?"

"ఇది బాలింత కాదత్తమ్మా! ఇది కననేలేదు!"

"కడుపుల కోత పడ్డంక బాలింతే," అంది అత్తమ్మ. "నీకు చెయ్యలేదా నేను? నలభై దినాలు పచ్చాకు ముట్టనిచ్చిన్నా? నీ కుట్టుకు చీము పట్టిందా? చెప్పు."

పట్టలేదు. ఆ నలభై రోజులూ నాకు నీళ్ళు కాచి పోసింది, వీపు రుద్దింది, నడుంకట్టు కట్టింది, బాబు గుడ్డలు ఉతికింది, రాట్నం ముట్టకుండా నా పక్కనే కూర్చుంది. నా కన్నతల్లి కూడా అంత చేయలేకపోయింది. ఇప్పుడు అదంతా ఒక కుందేలుకు చేస్తోంది, దాన్ని చంపేలా. చెడు ఉద్దేశంతో చేసి ఉంటే అరిచేదాన్ని. ప్రేమతో చేసిన తప్పును ఏమని తిట్టాలి?

"మరి గూట్లకెల్లి ఎందుకు తీసిండ్రు? జాలీ అడ్డం ఉన్నది గద."

"జాలీ ఉంటేంది, లేకుంటేంది? కోత పడ్డదాన్ని మొగోని కండ్ల ముందట పండబెడ్తవా? చదువుకున్నదానివి, గా మాత్రం సోయి లేదా?"

దూది తీశాను. చెవులు కాలిపోతున్నాయి. నడుంకట్టు విప్పాను. దాని అంచు అప్పటికే కొంత కొరికేసింది. గోరువెచ్చటి నీళ్ళలో గుడ్డ తడిపి తుడిస్తే పసుపు ఇంకాస్త పాకింది. ఎంత తుడిచినా వాము వాసన, వెల్లుల్లి వాసన పోలేదు. అలాగే తీసుకెళ్ళి గూట్లో జాలీ పక్కన దించాను.

మచ్చోడు ముక్కు చాపి ఒక్కసారి వాసన చూశాడు. వెనక్కి దూకి, వెనక కాలితో నేల మీద దబ్బున కొట్టాడు. ఆ తర్వాత జాలీ మీదికి ఉరికి పళ్ళతో పట్టుకున్నాడు. తెల్లపిల్ల ముక్కు జాలీకి ఆనించి ఉంది. వాడి పళ్ళు తగిలి ముక్కు పక్కన రక్తం చిమ్మింది. అది మూలకు పాకి, గోడ వైపు తిరిగి ముడుచుకుపోయింది.

"అమ్మా, మచ్చోడు తెల్లపిల్లను కొడ్తాండు," అంది అమ్మాయి. "ఎందుకు? వాడు దీన్ని మర్సిపోయిండా?"

సాయంత్రం దాకా గరిక, కొత్తిమీర, ముల్లంగి ఆకు, క్యాబేజీ ఒకటి తర్వాత ఒకటి పెట్టాను. దేనివైపూ తల తిప్పలేదు. కొత్తిమీర నూరి ఫిల్లరుతో పోశాను. సగం గడ్డం మీదుగా కారిపోయింది. పోసిన ప్రతిసారీ మచ్చోడు అవతల నుంచి కాలు దబదబా కొట్టేవాడు, ఆ చప్పుడుకు ఇది నా చేతుల్లోనే బిగుసుకుపోయేది.

నా భర్త బస్సు దిగి వచ్చి చూశారు. "ఇప్పుడేమంటవ్? నేను ముందుగాలనే చెప్పిన్నా లేదా?"

"మీరేం చెప్పిండ్రు? కోత దీనికి పెట్టుమన్నరు. గంతేగద మీరు చెప్పింది."

"బీయస్సీల ఎలుకల్ని కోసినవ్ గద. ఎట్ల బాగు చెయ్యాల్నో తెల్వదా?"

"కోసినయన్నీ చచ్చినయే," అన్నాను.

మర్నాడు పొద్దున్న గూట్లో గుడ్డ శుభ్రంగా ఉంది. శుభ్రమైన గుడ్డను చూసి అంత భయపడతానని ఎప్పుడూ అనుకోలేదు. తీసి దులిపాను. కింద చెక్క తడిమాను. ఒక్క పెంటిక లేదు. బాబును అత్తమ్మకు అప్పజెప్పి, రిక్షా ఎక్కి హనుమకొండ పోయాను.

దవాఖాన గేటు దగ్గర అటెండరు బీడీ పారేసి లేచాడు. "సారు లేడమ్మా. గాలికుంటు సూదులకు ఊళ్ళ మీదికి పోయిండు. రేపు మాపటికొస్తడు."

"ఇంకొక డాక్టరు లేరా?"

"ఉన్నడు. గాయిన కోళ్ళనే చూడడు, కుందేలును చూస్తడా?"

"నిన్నటిసంది తింటలేదు. ఏం చెయ్యాలె?"

"నాకేమెరుకమ్మా," అన్నాడు, పాపం నిజంగానే బాధపడుతూ. "కుందేలును కోసుడు శానసార్లు చూసిన. కోసి మళ్ల కుట్టుడు గదే మొదటిపారి."

తిరిగి వస్తుంటే రిక్షాలో ఏడుపు రాలేదు, పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను. డాక్టరు చెప్పిన గడువులో పగలు, రాత్రి రెండూ దాదాపు అయిపోయాయి. ఇంట్లో అమ్మాయి ఏమడుగుతుందో తెలుసు. నేనేం చెప్పాలో తెలియదు. చేతులతో ముఖం తుడుచుకున్నాను. పొద్దున్న రెండుసార్లు సబ్బుతో కడుక్కున్న చేతులు అవి. ఇంకా వాము కంపు కొడుతున్నాయి. ఆ వాసన దాని ఒంటి మీద నుంచి నేను తీయలేను. డాక్టరు వచ్చినా తీయలేడు. పది రోజులైనా పోదు. పోయేదాకా వాడు కాలు కొడుతూనే ఉంటాడు, ఇది గోడ వైపు తిరిగే ఉంటుంది.

వాసన తీయలేకపోతే వాడికీ అదే పట్టించాలి. ఇది తట్టగానే సంతోషించాల్సింది. నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే ఆ పొగలో ఏమేమి వేసిందో, నూనెలో ఏం కలిపిందో తెలిసింది అత్తమ్మకే. ఎవరి చేతి నుంచి దాన్ని లాక్కున్నానో ఆ చేతినే వెళ్ళి అడగాలి.

ఇంట్లోకి అడుగుపెడుతూనే అడిగాను. "అత్తమ్మా, మచ్చోనికి గూడ పెట్టాలె."

"ఏం పెట్టాలె?"

"పసుపు, నూనె, పొగ. తెల్లపిల్లకు పెట్టినట్టే."

రాట్నం ఆగింది. "మొగోనికి బాలింత పొగనా? ఏడనన్న ఉన్నదా గిది?"

మగ్గం మీద మామగారు గట్టిగా నవ్వారు. "పెట్టవే, పెట్టు. మొగజాతిల ఒక్కడన్న బాలింతరికం చూడనీ."

"నువ్వు ఊకో," అని ఆయన్ను కసిరి, నా వైపు తిరిగింది. "వానికేమన్న కోత పడ్డదా?"

"పడలే," అన్నాను. "వానికే పడాలె. డాక్టరు వానికే చేస్తనన్నడు. వానికి పడలే."

నా గొంతు అంత పైకి లేస్తుందనుకోలేదు. బాబు ఉలిక్కిపడి ఏడుపందుకున్నాడు. మామగారి నవ్వు ఆగిపోయింది. అత్తమ్మ నా ముఖంలోకి కాసేపు చూసింది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, వాము డబ్బా తీసుకుంది.

మొదలుపెట్టాక మాత్రం ఏ లోటూ చేయలేదు. మచ్చోణ్ణి ఒళ్ళో వేసుకుని పసుపునూనె పట్టించింది. వాడు తన్నిన తన్నుకు ఆమె ముంజేయి చీరుకుపోయింది. "ఊకో కొడుకా, అయిపాయె, గింతే," అంటూ వెన్ను నిమిరింది. కిటికీ తెరిచి ఉంచమని నేను, మూయాలని ఆమె. చివరికి తెరిచే ఉంచాం. పొగ తగిలీ తగలనట్టు పట్టించింది. తర్వాత దూది చేతిలోకి తీసుకుంది.

"చెవులకు వద్దత్తమ్మా."

"ఒకదానికి పెట్టి ఒకదానికి పెట్టకపోతే..."

"దానివీ తీసేసిన గద. వద్దు."

గూట్లో వదిలాం. మచ్చోడు మూడుసార్లు తుమ్మాడు. ముందుకాళ్ళతో ముఖం తుడుచుకున్నాడు, పక్కలు నాకాడు, నాకినకొద్దీ చిరాకు పడ్డాడు. తన ఒళ్ళే తనకు అంతుచిక్కనట్టు చాలాసేపు అదే పని. తర్వాత జాలీ దగ్గరికి వచ్చి ముక్కు పెట్టాడు. నేను అమ్మాయి చేయి గట్టిగా పట్టుకున్నాను.

వాడు కాలు కొట్టలేదు. జాలీ వెంబడి ఒళ్ళు చాపి పడుకున్నాడు.

ఎంతసేపు అలా కూర్చున్నామో చెప్పలేను. బాబుకు పాలిచ్చి మళ్ళీ వచ్చేసరికి తెల్లపిల్ల ముఖం ఇటు తిరిగి ఉంది. పొట్ట నేలకు రాస్తూ, కొంచెం పాకి ఆగి, మళ్ళీ పాకి, జాలీ దగ్గరికి చేరింది. తల వంచి జాలీకి ఆనించింది. కన్నాల్లోంచి నాలుక ఎంత పడితే అంతే, వాడు నొసటి మీద ఆ కాస్త చోటే నాకాడు. మచ్చోడి వైపు ఒక గరిక పోచ పెట్టి, చివర జాలీలోంచి ఇవతలికి తోశాను. వాడు అటు నుంచి కొరుకుతుంటే పోచ కదిలింది. ఇది ఆ కదులుతున్న చివరను పట్టుకుని నమిలింది.

ఆ కరకర చప్పుడు విని అమ్మాయి చప్పట్లు కొట్టబోతే నోరు మూయించాను. ఒక పోచ. తర్వాత రెండు. అక్కడితో ఆపేసింది. లోపలికి పోవడం సగమే. బయటికి రావాలి.

సాయంత్రం నా భర్త వచ్చి పసుపుపచ్చగా ఉన్న మచ్చోణ్ణి చూసి నిర్ఘాంతపోయారు. "గీనికేమయింది?"

"గీనికి గూడ ఆపరేషన్ అయింది బిడ్డా," అంది అత్తమ్మ, ముఖం కదలకుండా. "ఇగ బరువు పనులు చెయ్యడు."

దవాఖానలో ఆయన అన్న మాట ఆమెకు నేను చెప్పలేదు. మామగారు తెరిపి లేకుండా నవ్వారు. నా భర్త నా వైపు చూశారు, నేను గరిక ఏరుకుంటూ కూర్చున్నాను. ఆయన కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయారు. ఆ రాత్రి ఈ విషయం మా ఇద్దరి మధ్య రాలేదు. ఇప్పటిదాకా రాలేదు.

పొద్దున్న నేను లేచేసరికి వరండాలో అత్తమ్మా అమ్మాయీ గూడు ముందు కూర్చుని ఉన్నారు. "తొమ్మిది, పది, పదకొండు," అంటోంది అమ్మాయి. అత్తమ్మ అరచేతిలో పెంటికలు. చిన్నవి, ఎండినవి, ఒకటి రెండు బొచ్చుతో ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. గుండ్రంగా కూడా లేవు. తెల్లపిల్ల జాలీ పక్కన కూర్చుని ముల్లంగి ఆకు కాడ నములుతోంది.

"ఇగో, నీ డాక్టరు అడిగినయ్," అంది అత్తమ్మ అరచేయి నా ముందు పెట్టి. "పొగ పని చేసింది. మొన్న నడిమిట్ల నువ్వు ఆపకపోతే మొన్ననే పడుతుండె."

నాకు చెప్పాలని ఉంది. పొగ వల్లనే ఆగిందని, పొగ వల్ల పడలేదని, గడ్డి వల్ల, వాడి వల్ల పడిందని. పేగు గురించి, ముక్కు గురించి, కాగితం గురించి. చీరుకుపోయిన ఆమె ముంజేతి మీద పసుపు ఎండి ఉంది. అమ్మాయి పెంటికలను మళ్ళీ మొదటి నుంచి లెక్కపెడుతోంది.

"ఇప్పుడు దానికి కొత్తిమీర పెడ్త," అన్నాను, ఎంత గట్టిగా అనగలనో అంత గట్టిగా.

"పెట్టు బిడ్డా," అంది అత్తమ్మ. "నేనేమన్న వద్దన్ననా?"

వంటింట్లోకి వెళ్ళి కొత్తిమీర కట్ట మొత్తం తెచ్చాను. కూరకు ఒక్క రెమ్మ కూడా మిగల్చలేదు.